జానెడు కప్పుకి మూడడుగుల తోడు

మీ పిల్లల గదిలో ఒక అల్మరా ఉంటుంది. అందులో బంగారు రంగు బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి. ఒకడి చేతిలో బ్యాటు, ఒకడి కాలి దగ్గర బంతి, ఒకమ్మాయి చేతిలో పుస్తకం. కింద చిన్న పలక మీద మీ పిల్ల పేరు. మీరుండేది న్యూజెర్సీలో మా పక్కనైతే ఆ పేరు నేను చెక్కిందే అయ్యుండాలి. అందులో అక్షరం తప్పుంటే అది మీ సాకర్ కోచ్ చేసిన తప్పు, నాది కాదు. రిటైరయ్యాక కూడా ఈ సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం నా ఖర్మ.

పిస్కాటవేకి దగ్గర్లోనే ఒక ట్రోఫీల షాపులో పనిచేశాను. పనిచేసుకోవడానికి పర్మిషన్ వచ్చాక మొదట కౌంటర్లో కూర్చున్నాను. పేర్లు చెక్కడం నాకేమీ వింతగా అనిపించలేదు. మా వైపు స్టీలు గిన్నె కొంటే షాపువాడి చేత దాని మీద పేరు వేయించకుండా ఇంటికి తెచ్చుకోం కదా. మా అమ్మ గరిటెల మీద కూడా వేయించేది. మా యజమాని, పెద్దవయసు అమెరికన్, ఈ మాట విని కడుపుబ్బ నవ్వాడు. తర్వాత ఒక పాత వెండి స్పూను, ఒక సన్నటి ఉలి నా చేతికిచ్చి, "మెషీను గీస్తుంది, చెయ్యి తవ్వుతుంది. ఆ తేడా నీ వేళ్లకి తెలిసేదాకా ఇది గీకుతూ కూర్చో" అన్నాడు. తెలియడానికి ఏళ్లు పట్టింది. ఆయన చూపు మసకబారాక వెండి పనంతా నా బల్ల మీదికి వచ్చింది. వెండి పని అంటే ఎప్పుడో ఒకటి. మిగతాదంతా ప్లాస్టిక్కు, యాక్రిలిక్కు, మన తెలుగువాళ్లు.

మనవాళ్ల గురించి కాస్త విసుగ్గానే చెప్తాను, ఏమీ అనుకోకండి. మన సభల్లో అవార్డు తీసుకున్నవాడికి జ్ఞాపిక ఇస్తారు, సరే. ఇచ్చినవాడికీ ఇస్తారు. మైకు పట్టుకున్నవాడికి, బిర్యానీ ట్రేలు మోసినవాడికి, పార్కింగు చూపించినవాడికి, చివరికి జ్ఞాపికలు అందించిన పిల్లలకి కూడా ఇస్తారు. సన్మానం జరగని మనిషి హాల్లో ఒక్కడు మిగిలిపోయినా నిర్వాహకులకి అన్నం సహించదు. పైగా జ్ఞాపిక గొప్పదనం దాని పొడుగులో ఉంటుందని నమ్మకం. నాకు ఇల్లు గడిచింది ఆ నమ్మకం మీదే కాబట్టి గట్టిగా ఏమీ అనలేను. గొణుక్కుంటాను, అంతే.

నేను మానెయ్యడానికి ముందు ఏడాది మా షాపుకి ఒక రగ్బీ పని వచ్చింది. కొన్నేళ్లలో రగ్బీ ప్రపంచ కప్పు ఈ దేశానికే వస్తోందని, జనానికి ఇప్పటినుంచే రుచి చూపించాలని, వేరే దేశాల జట్లని తెచ్చి ఇక్కడ ఆడిస్తున్నారు. అలా ఒక పెద్ద దేశం ఆడవాళ్ల జట్టు, దాని పొరుగునున్న ఒక చిన్న ద్వీపదేశం జట్టు మా దగ్గరి స్టేడియానికి వచ్చాయి. వాళ్లిద్దరి మధ్య తరతరాలుగా ఒక వెండి కప్పు ఉంది. మ్యాచ్ అయిన వెంటనే అక్కడే, మైదానం పక్కన, దాని పీఠం మీద పేరు చెక్కాలి. ఆ కప్పుకున్న ఆచారం అది.

ఏర్పాట్లు చూసే కంపెనీ తరఫున వచ్చినమ్మాయి మనమ్మాయే. ఇక్కడే పుట్టింది. చురుకైన పిల్ల, మెడలో రెండు ఐడీ కార్డులు, చేతిలో రెండు ఫోన్లు.

"ఆంటీ, ఇది వెరీ సింపుల్. గేమ్ అయిపోతుంది, మీరు నేమ్ రాస్తారు, కప్ ఇచ్చేస్తాము. డన్."

"రాయడం కాదమ్మా, చెక్కాలి."

"సేమ్ థింగ్ కదా ఆంటీ."

ఎన్నో ఏళ్లు ఉలి పట్టి నేర్చుకున్న విద్య ఆ రెండు మాటల్లో ఎగిరిపోయింది.

కప్పు వెంట ఆ పెద్ద దేశం నుంచి ఒక అధికారిణి వచ్చింది. తెల్ల చేతి తొడుగులు వేసుకుని, పెట్టె తెరిచి, నా బల్ల మీద కప్పు పెట్టింది. జానెడుంది. రెండు చెవులు, పక్కన ఒక సొట్ట. కింద నల్లటి చెక్క పీఠం, దాని చుట్టూ వెండి పట్టీలు, వాటి నిండా పేర్లు. పేర్లు అంటే ఒకటే పేరు. పట్టీ తిప్పినకొద్దీ ఆ పెద్ద దేశం పేరే. చిన్న దేశం ఒక్కసారి కూడా గెలవలేదు.

"ఈ కప్పు ఉన్నవాళ్లని ఓడిస్తేనే చేతులు మారుతుంది. ఆట సమానమైతే ఉన్నచోటే ఉంటుంది. అదనపు సమయం ఉండదు. పట్టీ మీద ఒక్క పేరే వేస్తాం, కప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లది" అందామె. చిన్న దేశం ఆటగాళ్లు గెలవనిదే ఆ కప్పుని వేలితో కూడా తాకరట. ఎవరూ పెట్టిన నియమం కాదు, వాళ్ల పట్టుదల. వాళ్ల కెప్టెన్ బడిలో పిల్లలకి ఆటలు నేర్పే టీచరు, పదిహేడో ఏట నుంచీ ఈ కప్పు కోసం ఆడుతోంది. మోకాలు ఇక ఒప్పుకోవడం లేదు కాబట్టి ఇదే ఆఖరి మ్యాచ్. ఆమె పేరు కాకపోయినా ఆమె దేశం పేరు ఆ వెండి మీదికి ఎక్కడానికి ఆమెకి మిగిలింది ఈ ఒక్క మధ్యాహ్నమే.

కప్పు ఇంకా బల్ల మీద ఉండగానే మా దగ్గరి తెలుగు సంఘం అధ్యక్షుడు లోపలికొచ్చాడు. మ్యాచ్‌కి స్థానిక స్పాన్సర్లలో వాళ్లొకరు. నన్ను అక్కా అంటాడు. మంచివాడే, అదే అసలు చిక్కు.

"అక్కా, ఇదేంటి, శాంపిలా?"

"ఇదే కప్పు."

"ఇంతేనా! ఇంటర్నేషనల్ మ్యాచ్ అని చెప్పి మనోళ్లందరి చేతా టికెట్లు బుక్ చేయించాను. దీన్ని పట్టుకుంటే ఫొటోలో నా వేళ్లు తప్ప ఏం కనపడదు."

"నువ్వెందుకు పట్టుకుంటావు?"

"ప్రెజెంట్ చేసేది మన సంఘం ఈసీ మెంబర్లు కదక్కా. ఓ పనిచేద్దాం. మన తరఫున ఒకటి పెడదాం, మూడడుగులది. మీ కేటలాగ్‌లో ఉంది చూడు, పైన రెక్కలున్నది, గోల్డ్. గెలిచినోళ్లకి చిన్నదీ ఇద్దాం, పెద్దదీ ఇద్దాం. కింద ఛాంపియన్స్ అని పెద్దగా వేసెయ్."

పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే. ఆ వెండి కప్పు పక్కన రెక్కల ప్లాస్టిక్ కప్పు పెడితే దాని మర్యాద ఏం కావాలని అడిగాను. మర్యాద కోసమే కదా పెద్దది పెట్టమంటున్నది అన్నాడు. కంపెనీ అమ్మాయి రెండు ఫోన్ల మధ్య నుంచి "ఓ మై గాడ్, దట్స్ సో క్యూట్ అంకుల్" అంది. అయిపోయింది.

ఆ అమ్మాయిని పక్కకి పిలిచాను.

"డ్రా అయితే ఏం చేస్తారమ్మా?"

"ఓవర్‌టైమ్ ఉంటుంది కదా ఆంటీ."

"ఉండదట."

"వాట్? మరి ఎవరు విన్ అవుతారు?"

"ఎవరూ అవ్వరు. కప్పు ఉన్నచోటే ఉంటుంది."

"నో, నో. ఆడియెన్స్‌కి అది నచ్చదు ఆంటీ" అంది, ఆ నియమం నేనే ఇప్పుడు కల్పించినట్టు. చెవిటివాడి ముందు శంఖం ఊదాను. నా పని నేను చూసుకున్నాను. అంటే రెక్కల కప్పుకి ఛాంపియన్స్ పలక అతికించాను, రెండు జట్లకీ, రిఫరీలకీ, వాళ్ల బూట్లు మోసేవాళ్లకీ యాక్రిలిక్ జ్ఞాపికలు తయారుచేశాను.

మ్యాచ్ శనివారం మధ్యాహ్నం. ఆటగాళ్లు లోపలికి వెళ్లే దారి పక్కన నాకొక తెల్ల టెంటు వేశారు. బల్ల, దీపం, పీఠం కదలకుండా ఆనించుకోవడానికి ఇసుక నింపిన తోలు దిండు, నా ఉలులు. పక్కన శాలువాల అట్టపెట్టెలు. వాటి పక్కన రెక్కల కప్పు. గాలి వీచినప్పుడల్లా అది పడిపోతోంది. ఆట సగం చూసింది దాన్ని కాలితో తొక్కిపట్టుకునే.

నాకు రగ్బీ రాదు. చూస్తే అర్థమైంది ఇంతే. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అందరూ ముందుకే పరిగెత్తాలి, కానీ చేతులతో బంతిని వెనకవాళ్లకే అందించాలి. మన సంఘాల కార్యవర్గాలు నడిచేది కూడా ఇలాగే కాబట్టి త్వరగానే పట్టుబడింది. బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకిస్తే అయిదు పాయింట్లు. దాని తర్వాత స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకో రెండు.

పెద్ద దేశం అయిదు పాయింట్లు ముందుంది. ఆఖరి నిమిషాల్లో చిన్న దేశం అమ్మాయిలు గీత దగ్గరే పట్టుబట్టి కూర్చున్నారు. గుద్దుకోవడం, పడటం, లేవడం, మళ్లీ గుద్దుకోవడం. గడియారంలో టైము అయిపోయింది, కానీ బంతి ఆగేదాకా ఆట ఆగదట. చివరికి ఒక బక్కపలచని పిల్ల మూలన గీత మీదికి దూకింది. స్టేడియం లేచింది. నేనూ లేచాను, రెక్కల కప్పు పడిపోయింది.

ఇప్పుడు సమానం. ఇంకొక్క తన్ను. బంతి మూలన నేలకి తాకింది కాబట్టి మైదానం అంచు నుంచే తన్నాలి. అక్కణ్నుంచి స్తంభాలు బాగా ఏటవాలుగా కనిపిస్తాయి. తన్నేది కెప్టెనే. నా టెంటుకి బాగా దగ్గర్లోనే నిలబడింది. బంతిని నిలబెట్టి, వెనక్కి నడిచి, మోకాలి పట్టీ సర్దుకుంది. ఎవరి తరఫునా మొక్కే హక్కు నాకు లేదు, నాకు రెండు దేశాలూ ఒకటే. అయినా మొక్కాను.

బంతి బాగానే లేచింది. లోపలికి తిరిగింది. స్తంభానికి తగిలి, టంగుమని చప్పుడు చేసి, బయటికి పడింది.

ఆమె రెండు చేతులూ తల మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నేరుగా వెళ్లి అవతలి కెప్టెన్ చెయ్యి పట్టుకుంది. ఇంతలో లౌడ్‌స్పీకర్‌లో సంగీతం, రంగు కాయితాలు, "కో-ఛాంపియన్స్!" అని అరుపు. కంపెనీ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, ఇద్దరూ విన్నర్సే! కప్ మీద రెండు నేమ్స్ రాసెయ్యండి, ప్లీజ్! కెమెరా టూ మినిట్స్‌లో వస్తుంది!"

"అలా కుదరదమ్మా."

"ప్లీజ్ ఆంటీ, షి ఈజ్ క్రైయింగ్!"

"కుదరదన్నాను కదా. ఆవిడని అడుగు." అధికారిణి కప్పుని రెండు చేతులతో చుట్టేసి పట్టుకుని, తల అడ్డంగా ఊపింది. ఒక్క పేరే. అమ్మాయి మొహం చిన్నబోయింది. తప్పు ఆ పిల్లది కాదు, ఆట సమానం కావచ్చని ఈ దేశంలో ఎవరూ నేర్పలేదు. ఇంట్లో మనం నేర్పామా అంటే, మనం జ్ఞాపికలు పంచుతున్నాం.

అంతలో అధ్యక్షుడు చెమటలు కక్కుతూ వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"చూశావా అక్కా! దేవుడే చేయించాడు. రెండు టీములు, రెండు కప్పులు! చిన్నది వాళ్లకి ఎట్టాగూ పోద్ది. మన పెద్దది ఈ పిల్లలకి ఇచ్చేద్దాం!"

"దాని మీద ఛాంపియన్స్ అని ఉంది."

"ఉంటే మంచిదే కదా!"

నేను నోరు తెరిచేలోపు రెక్కల కప్పుని భుజానికెత్తుకుని వేదిక వైపు పరిగెత్తాడు. అక్కడ మన కార్యవర్గం అంతా పట్టు చీరల్లో, సూట్లలో బారులు తీరి ఉంది. పెద్ద దేశం కెప్టెన్ వెండి కప్పు అందుకుని, గెలవని కప్పుని ఎత్తడమెలాగో తెలియక ఛాతీ దగ్గరే పట్టుకుంది. ఫొటోలో అధ్యక్షుడి వేళ్లు మాత్రం బాగా పడ్డాయి. తర్వాత చిన్న దేశం కెప్టెన్‌ని పిలిచారు. బురద జెర్సీ మీద జరీ శాలువా కప్పారు. మూడడుగుల కప్పు చేతుల్లో పెట్టారు. మనవాళ్లు చప్పట్లు కొట్టారు, మనస్ఫూర్తిగానే కొట్టారు. ఆమె అందరికీ తలవంచి దణ్ణం పెట్టింది, ఎవరో అప్పుడే నేర్పినట్టున్నారు. ఆమె కళ్లు కింది పలక మీద పడటం నేను ఇక్కడి నుంచే చూశాను. ఆ పలక నా చేతి పని.

కాసేపటికి వెండి కప్పు చెక్కడానికి నా బల్ల మీదికి తిరిగొచ్చింది. దాని వెనకే కెప్టెన్ వచ్చింది, శాలువా అలాగే ఉంది, చంకలో రెక్కల కప్పు. దాన్ని నా ముందు దించి, పలక మీద వేలు పెట్టింది.

"మేడమ్, ఈ మాట తీసెయ్యగలరా? వాళ్లు చాలా ప్రేమగా ఇచ్చారు, వద్దనలేకపోయాను. కానీ దీనితో మా ఊరికి వెళ్లలేను."

సన్నటి బ్లేడు పలక కిందికి పోనిచ్చి తిప్పాను. టప్పున ఊడింది. అధ్యక్షుడు వచ్చింది సరిగ్గా అప్పుడే.

"అక్కా! ఏం చేస్తున్నావ్? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ."

"ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది అక్కా. అంత దూరం నుంచి వచ్చింది. ఒట్టి చేతులతో పంపిస్తామా? మన పద్ధతేనా అది?"

ఆ మాటతో ఇన్నేళ్ల విసుగూ ఒక్కసారి పైకొచ్చింది.

"ఆవిడ మనింటికి పేరంటానికి రాలేదు, పసుపూ కుంకుమా పెట్టి పంపడానికి! ఆ జానెడు కప్పు కోసం వచ్చింది. అది రాలేదు. రానిది వచ్చిందని చెప్పి మోయించడం ఏం మర్యాద? ఏడవనీ. ఆవిడ ఏడుపు ఆవిడది. దానికి కూడా శాలువా కప్పేస్తే ఎట్లా?"

అతను నిజంగా నొచ్చుకున్నాడు. నేనూ నొచ్చుకున్నాను, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమెకి తెలుగు రాదు, అయినా ఏదో అర్థమైంది. శాలువా కొంగు పట్టుకుని, "ఇది మాత్రం ఉంచుకుంటాను, చాలా బాగుంది" అంది అతనితో. అతని మొహం కాస్త తేరుకుంది. పలక లేని కప్పుని తనే మోసుకుపోయాడు. అది ఆ తర్వాత సంఘం త్రోబాల్ పోటీల్లో ఎవరికో పోయింది, కొత్త పలక నేనే అతికించాను. మేమిద్దరం మళ్లీ మాట్లాడుకున్నాం, మన ఊళ్లో మాట్లాడుకోకుండా ఎన్నాళ్లుంటాం.

అందరూ భోజనాల టెంటు వైపు వెళ్లిపోయారు. నేను పీఠాన్ని తోలు దిండు మీద ఆనించి, దీపం దగ్గరికి లాక్కున్నాను. కెప్టెన్ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"నేను చూడొచ్చా?"

"ఏముందమ్మా చూడటానికి? వాళ్ల పేరే కదా."

"తెలుసు. చూడాలి."

అధికారిణి నా వైపు చూసింది. కుర్చీ జరిపాను, ఆమె కూర్చోలేదు. నేను ఉలి పట్టుకుని మొదలుపెట్టాను. పెద్ద దేశం పేరు పొడుగు. చేత్తో చెక్కేటప్పుడు తొందరపడితే ఉలి జారుతుంది, వెండి మీద జారిన గీత జన్మలో పోదు. అందుకని నెమ్మదిగా, ఒక్కో అక్షరం. నా తల పైన ఆమె ఊపిరి పీల్చుకోవడం, అప్పుడప్పుడు ముక్కు ఎగపీల్చడం వినిపిస్తూనే ఉంది. నా కళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. ఆగి తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. మధ్యలో ఒకసారి, "ఇంత లోతుగా చెక్కుతారని నాకు తెలియదు" అంది.

ఇన్నేళ్లలో తమ పేరు ఎంత పెద్దగా వేశానో చూసుకోవడానికి వచ్చినవాళ్లని వందలమందిని చూశాను. ఎదుటివాళ్ల పేరు ఆఖరి అక్షరం దాకా నిలబడి చూసిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

పేరు అయింది, సంవత్సరం అయింది. ఉలి పక్కన పెట్టాను. అక్షరాల సందుల్లో సన్నటి వెండి పొట్టు మెరుస్తోంది. నేను బ్రష్ కోసం చెయ్యి చాపేలోపు ఆమె తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కప్పుకి తగలకుండా వంగి, ఆ పొట్టంతా మెల్లగా నోటితో ఊదింది.

"ఇప్పుడు బాగా కనిపిస్తోంది" అంది.